రాట్నపు చుట్టు, కదురు చుట్లు

రాట్నమును గూర్చి మన దేశమున ఎన్నియో ఉపన్యాసములును, పాటలును, వ్యాసములును పుట్టినవి. దానిని స్వరాజ్యమునకు గుర్తుగా భావించి చేతులు జోడించినవారు కలరు; పాతకాలపు చాదస్తమని పరిహసించినవారును కలరు. ఈ రెండు తెగలవారిలోను దానిని ఒక యంత్రముగా ఎదుట బెట్టుకొని, దాని లోపలి లెక్క యేమో విచారించినవారు మాత్రము కొలదిమంది. ఆ లెక్క చిన్నది. పెద్దచక్రము ఒకమాఱు తిరిగినప్పుడు కదురు ఎన్నిమాఱులు తిరుగును? ఇంతియే ప్రశ్న. కాని యీ చిన్న ప్రశ్నకు ఆయా కాలములవారు చెప్పిన సమాధానములను బట్టి లెక్కకు మిక్కిలియైన స్త్రీల కూలియు, తిండియు, గౌరవమును మాఱుచు వచ్చినవి. అందుచేత ఆ లెక్కను, దాని చరిత్రమును మా చదువరుల యెదుట, విశేషించి గృహిణుల యెదుట, ఉంచదలచితిమి.

ముందుగా లెక్క. రాట్నమున పెద్దచక్రము నుండి కదురు మీది చిన్న బిళ్ళకు ఒక త్రాడు పోవుచుండును. చక్రము తిరిగినప్పుడు దాని అంచు మీదుగా ఎంత త్రాడు కదలునో, జాఱిపోనియెడల అంతే త్రాడు బిళ్ళ అంచు మీదుగాను కదలవలెను. బిళ్ళ చుట్టుకొలత చిన్నది గనుక అంత త్రాడును సాగనంపుటకు అది పెక్కుమాఱులు తిరుగవలసివచ్చును. చక్రపు అడ్డుకొలత 24 అంగుళములు, బిళ్ళ అడ్డుకొలత అంగుళములో ఎనిమిది పాళ్ళకు మూడు పాళ్ళు అనుకొందము. మొదటిదానిని రెండవదానిచే భాగించిన 64 వచ్చును. అనగా చేయి చక్రమును ఒకమాఱు త్రిప్పిన కదురు 64 మాఱులు తిరుగును. దీనినే యంత్రశాస్త్రజ్ఞులు వేగనిష్పత్తి యందురు. గడియారములోని పండ్ల చక్రములకును ఇదియే సూత్రము. అక్కడ అడ్డుకొలతలకు బదులు పండ్లను లెక్కింతురు. 60 పండ్ల చక్రము 10 పండ్ల చక్రమును త్రిప్పినయెడల, పెద్దది ఒకమాఱు తిరుగునప్పటికి చిన్నది 6 మాఱులు తిరుగును. త్రాడు జాఱవచ్చును, పండ్లు జాఱవు. ఈ భేదమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను; ముందు దానితో పని కలదు.

ఈ వేగము ఉచితముగా వచ్చునది కాదు. రాపిడిని లెక్కలోనికి తీసికొనకున్నను, వేగము 64 రెట్లు పెరిగినప్పుడు త్రిప్పు బలము 64వ వంతునకు దిగిపోవును. అందుచేతనే గిఱగిఱ తిరుగు కదురును ఒక్క వ్రేలు తగిలించి ఆపవచ్చును. మఱియు కదురు దగ్గఱ కలుగు రాపిడి యంతయు చక్రము దగ్గఱ 64 రెట్లయి తోచును. కదురు కొంచెము వంకరపోయినను, అది తిరుగుచోట నూనె ఆఱిపోయినను, వడకునామె భుజము ఆ సంగతిని వెంటనే చెప్పును. నిష్పత్తి శక్తిని పుట్టించదు. ఉన్న శక్తిని ఒక రూపము నుండి మఱియొక రూపమునకు మార్చును. ఈ మాట తెలియక ఎక్కువ నిష్పత్తి గల యంత్రమే ఎక్కువ మంచి యంత్రమని తలచి మోసపోయినవారు పెక్కురు.

ఇంతకును కదురునకు ఇంత వేగ మెందుకు? నూలునకు బలము పురివలన వచ్చును. దూదిలోని పోగులు అంగుళము, అంగుళమున్నర కంటె పొడవుండవు. వానిని ఒకదానితో నొకటి పెనవేసి బిగించునది పురియే. నూలు ఎంత సన్నమైన అంత ఎక్కువ పురి కావలెను. 840 గజముల చిలపలు ఎన్ని కలిసి ఒక పౌను తూగునో అది ఆ నూలు నంబరని చదువరు లెఱుగుదురు. నేతగాండ్ర వాడుకలెక్క ప్రకారము నంబరుయొక్క వర్గమూలమును నాలుగుచే గుణించిన, పడుగునూలునకు అంగుళమునకు కావలసిన పురి సుమారుగా తెలియును. 16వ నంబరునకు అంగుళమునకు 16 చుట్లు. 100వ నంబరునకు 40 చుట్లు. గజమునకు 36 అంగుళములు గనుక 16వ నంబరు నూలు ఒక గజమునకు 576 చుట్లును, 100వ నంబరు నూలు ఒక గజమునకు 1,440 చుట్లును కావలెను. 100వ నంబరు నూలు ఒక్క పౌనులో 84,000 గజములు, అనగా 47 మైళ్ళకు పైగా, ఉండును. దానికి కావలసిన చుట్లను చదువరులే గుణించి చూచుకొనవచ్చును. ఇన్ని చుట్లు ఎవరు త్రిప్పుట? ఎట్లు త్రిప్పుట? నూలు చరిత్రమంతయు ఈ ప్రశ్నలోనే యున్నది.

రాట్నము పుట్టకముందు వ్రేళ్ళే త్రిప్పినవి. ఒక పుల్ల, దాని క్రింద బరువుకొఱకు ఒక బిళ్ళ, ఇంతే సాధనము. దానిని మనము తకిలి యందుము. మొహంజొదారో త్రవ్వకములలో మట్టితో చేసిన ఇట్టి బిళ్ళలు దొరకినవి. తకిలిలో నిష్పత్తి లేదు. వ్రేళ్ళు ఒకమాఱు విసరిన, బిళ్ళ బరువు ఆ విసరును కొంతసేపు నిలుపును. అది మందగించినప్పుడు మరల విసరవలెను. ఇట్టి సాధనముతోనే మానవజాతి వేలకొలది సంవత్సరములు గుడ్డ కట్టినది. అందులో నైపుణ్యమునకు లోటు లేదు; లోటు వేగమునకే.

రాట్నము మన దేశమున ఎప్పుడు ప్రవేశించెను? ఇది వేదకాలము నుండి కలదని మనవారిలో పలువురు నమ్ముదురు. కాని చరిత్రకారుడు ఇర్ఫాన్ హబీబ్ చూపిన ప్రకారము, మన దేశమున చరఖాను స్పష్టముగా పేర్కొన్న తొలి గ్రంథములలో నొకటి 1350లో ఇసామీ యను కవి దక్కనులో బహమనీ రాజ్యస్థాపకుని ఆశ్రయమున రచించిన పారశీక చరిత్రకావ్యము. ఆ ప్రస్తావన యే సందర్భమున వచ్చినదో చదువరులు గమనింపవలెను. 1236 మొదలు 1240 వఱకు ఢిల్లీ సింహాసనము నధిష్ఠించి రాజ్యమేలిన రజియా సుల్తానాను ఆ కవి నిందించుచు, స్త్రీకి తగినది సింహాసనము కాదు, చరఖా యని యుపదేశించెను. రాట్నము మన చరిత్రలో ఇంత స్పష్టముగా కంటబడినది యొక రాణిని ఇంటిలో కూర్చుండుమను మాటలోనన్నమాట. నూఱేండ్ల క్రిందట చనిపోయిన యువతిపై ఆ కవికి ఇంత కోప మేల? చేతికి వేగమునిచ్చిన యంత్రము నే ఆ చేతికి సంకెలగా చూపుట ఆనాటి నుండియు కలదు. యంత్రము మేలు చేసినది. దాని పేరు చెప్పి మనుష్యులు కీడు చేసిరి. ఈ రెంటిని వేఱుచేసి చూచుట సంస్కారులకు మొదటి పాఠము.

ఐరోపాలో రాట్నమునకు మఱియొక విధమైన స్వాగతము లభించెను. జర్మనీదేశపు స్పెయరు నగరమున 13వ శతాబ్దాంతమునాటి కట్టుబాటు ఒకటి, రాట్నముపై వడకిన నూలును పేకకు వాడవచ్చును గాని పడుగునకు వాడరాదని విధించెను. పడుగు మగ్గముపై బిగువును ఓర్చుకొనవలెను. త్వరగా వడకిన నూలు ఆ బిగువునకు నిలువదని వారి భయము. అది మూఢవిశ్వాసము కాదు. కదురు వేగము 64 రెట్లు పెరిగినది గాని, ఏకును సాగదీయు వ్రేళ్ళ వేగము పెరుగలేదు. రెంటికిని పొంతన కుదురువఱకు నూలు ఒకచోట లావుగను ఒకచోట సన్నముగను వచ్చుట సహజము.

మన రాట్నమున మఱియొక చిక్కు కలదు. వడకునామె కొంత పొడవు దారము తీసి పురి యెక్కించిన పిమ్మట, చక్రమును కొంచెము వెనుకకు త్రిప్పి, దారమును కదురునకు అడ్డముగా పట్టి, మరల ముందుకు త్రిప్పి చుట్టవలెను. చుట్టునంతసేపు వడకుట ఆగిపోవును. ఈ చిక్కును ఐరోపావారు 15వ శతాబ్దము నాటికి ఒక యుక్తితో తీర్చుకొనిరి. కదురుపై దారమును చుట్టుకొను కండె యొకటి, దాని చుట్టును తిరుగు రెండు కొమ్ముల ఫ్లయరు ఒకటి అమర్చి, రెంటికిని వేఱువేఱు గాడులు పెట్టి, ఒకే చక్రమునుండి త్రాడు నడపిరి. గాడుల కొలతలలో కొంచెము భేదముంచిరి. ఫ్లయరు 60 మాఱులు తిరుగులోపల కండె 66 మాఱులు తిరిగినదనుకొందము. ఆ 60 చుట్లు పురి నెక్కించును. మిగిలిన 6 చుట్ల భేదము దారమును కండెకు చుట్టును. ఒకే యంత్రములో రెండు నిష్పత్తులు; వాని రెంటి వ్యత్యాసమే మూడవ పనిని చేయుచున్నది. పిమ్మట కాలితో త్రొక్కు పలక వచ్చి రెండు చేతులకును విడుదల కలిగెను.

అయినను అసలు అడ్డంకి అట్లే నిలిచియుండెను. దానిని మన రాట్నపు లెక్కతోనే చూపెదము. చేయి నిమిషమునకు 60 మాఱులు చక్రమును త్రిప్పినదనుకొనుడు. కదురు 3,840 మాఱులు తిరుగును. 16వ నంబరు నూలునకు గజమొక్కంటికి 576 చుట్లు గనుక నిమిషమునకు సుమారు 6 గజముల 2 అడుగులు, గంటకు 400 గజములు రావలెను. చుట్టుటకు పోవు కాలము తీసివేసిన అంతకంటె తగ్గును. సరే, నిష్పత్తిని రెండింతలు చేసి 128గా పెట్టుదము. గంటకు 800 గజములు వచ్చునా? రావు. ఏకునుండి పోగులను సమముగా జాఱవిడుచునది ఎడమచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు. అవి రెండింతల వేగముతో పని చేయజాలవు. కదురు తొందరపడిన నూలు మెలికలుపడి ముడుచుకొనిపోవును, లేదా తెగును. నిష్పత్తి పెంచుటవలన చక్రమును నెమ్మదిగా త్రిప్పు వీలు కలుగును గాని నూలు పెరుగదు. పనిలో మిక్కిలి మెల్లగా సాగు భాగమే మొత్తము పని వేగమును నిర్ణయించును. పదిమంది కలిసి నడచునపుడు అందఱికంటె మెల్లగా నడచువాని నడకయే అందఱి నడక యగునట్లే.

అందుచేతనే ఒక్క మగ్గమునకు నూలు చాలించుటకు పెక్కురు స్త్రీలు వడకవలసివచ్చెను. ఇంగ్లండులో 18వ శతాబ్దమున నేత వేగిరపడినపుడు నూలునకు కరవు వచ్చెను. 1764 ప్రాంతమున లాంకషైరు నివాసియగు జేమ్సు హార్‌గ్రీవ్సు ఒకే చక్రముతో మొదట 8 కదుళ్ళను త్రిప్పు జెన్నీ యంత్రమును కల్పించెను. చేతివ్రేళ్ళకు బదులు ఒక కఱ్ఱపట్టె 8 పోగులను ఒక్కసారి పట్టి లాగెడిది. తమ జీవనము పోవునని భయపడిన ఇరుగుపొరుగువారు ఆతని యంత్రములను విఱుగగొట్టిరి. వారి భయము అబద్ధము కాదని పిమ్మటి చరిత్రము చూపినది.

అసలు అడ్డంకిని తొలగించిన యుక్తి వేఱొకటి. అది కదురునకు సంబంధించినది కాదు, వ్రేళ్ళకు సంబంధించినది. 1738లో లూయీ పాల్ అనునతడు జాన్ వయట్ సహాయముతో దానికి హక్కుపత్రము పొందెను. 1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ దానిని పనికివచ్చునట్లు చేసెను. రెండు జతల రోలర్లను ఒకదాని ముందొకటి పెట్టుదురు. వెనుక జత మెల్లగా తిరుగును, ముందు జత త్వరగా తిరుగును. అన్నియు ఒకే లావుగా నుండి, వెనుకటిది ఒకమాఱు తిరుగులోపల ముందరిది 6 మాఱులు తిరిగిన, వాని నడుమ చిక్కిన దూది 6 రెట్లు పొడవు సాగి ఆఱవ వంతు సన్నమగును. బొటనవ్రేలును చూపుడువ్రేలును ఊహతో చేయు పనిని ఒక నిష్పత్తి చేసినది! రెండు జతల నడుమ దూరము పోగు పొడవుకంటె కొంచెము ఎక్కువగా నుండవలెను. తక్కువైన పోగులు తెగును, మఱీ ఎక్కువైన నూలు సమముగా రాదు. ఇక్కడ త్రాడు పనికిరాదు. త్రాడు కొంచెము జాఱినను నూలు మందము మాఱిపోవును. పండ్ల చక్రములే కావలెను. ఆర్క్‌రైట్ కు తోడ్పడినవాడు జాన్ కే యను గడియారముల పనివాడగుట కాకతాళీయము కాదు. నూలుమిల్లులలోని పండ్ల చక్రముల పనిని ఆ దినములలో గడియారపుపని యనియే పిలిచెడివారు. గంటలు కొలుచు విద్య నూలు వడకు విద్యకు సాయపడినది.

1771లో ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డు నందు నీటితో నడచు మిల్లు కట్టెను. 1779లో సామ్యూల్ క్రాంప్టన్ జెన్నీని, రోలర్లను కలిపి మ్యూలు యంత్రమును చేసెను. దానిమీద మన దేశపు సన్ననూలునకు సాటివచ్చు నూలు తీయ వీలయ్యెను. 100 పౌనుల దూదిని నూలుగా చేయుటకు మన దేశపు చేతిరాట్నముపై 50,000 గంటలు పట్టగా, క్రాంప్టన్ మ్యూలుపై 2,000 గంటలును, 1825 నాటి తనంత నడచు మ్యూలుపై 135 గంటలును పట్టినట్లు చరిత్రకారులు లెక్కగట్టిరి. చేతివ్రేళ్ళు ఒక తట్టున, రోలర్ల నిష్పత్తి మఱియొక తట్టున నిలిచి త్రాసు తూగినపుడు ఫలిత మిది.

ఆ త్రాసు మన యింటి గడపలోనికి వచ్చినపుడు ఏమి జరిగినదో 1828లో బంగాళమునందలి సమాచార్ దర్పణ్ పత్రికలో అచ్చుపడిన ఒక లేఖ చెప్పుచున్నది. శాంతిపురము నుండి వ్రాసిన ఒక నూలు వడకు వితంతువు మొఱ యది. చిన్నతనముననే భర్తను గోల్పోయి, ముగ్గురు ఆడబిడ్డలతో దిక్కులేక నగలమ్ముకొని, తుదకు రాట్నము పట్టుకొని ఆమె కుటుంబమును నిలిపినది. నేతగాండ్రు ఇంటికి వచ్చి నూలు కొనిపోయెడివారు. ఆ సంపాదనతోనే బిడ్డల పెండ్లిండ్లు చేసినది. అటుపిమ్మట సీమనూలు వచ్చి, ఆమె యింటికి వచ్చువారు లేకపోయిరి. అంత తక్కువ వెలకు నూలు పంపుచున్న సీమలోని స్త్రీలు తనకంటెను దీనురాండ్రై యుందురని ఆమె తలపోసినది. ఆమెకు మిల్లు తెలియదు, నిష్పత్తి తెలియదు. కాని ఆమె ఊహలో సత్యము కలదు. ఆ మిల్లులలో పనిచేసినవారిలో పెద్దభాగము స్త్రీలును పసిపిల్లలునే. యంత్రవేగము వలన శాంతిపురపు వితంతువు కూడు పోయినది. ఇంగ్లండు బిడ్డ బాల్యము పోయినది. లాభము వేఱొకచోట చేరినది. వితంతువునకు పునర్వివాహము లేని దినములలో, చదువు లేని దినములలో, గౌరవముగా బ్రతుకుటకు మిగిలిన కొలది దారులలో రాట్నమొకటి. ఆ దారి మూసికొనిపోయినపుడు ఆమెకు బదులు దారి చూపినవారు లేరు. ఇది యంత్రముయొక్క దోషము కాదు, సంఘముయొక్క దోషము.

దాదాపు తొంబది సంవత్సరముల పిమ్మట ఆ దారిని మరల వెదకిన యామెయు వితంతువే. 1917లో బ్రోచి నగరమున జరిగిన విద్యాసభలో గాంధీజీ గంగాబెన్ మజుందార్ అను నామెను కలిసికొనెను. ఆమె అస్పృశ్యతను విడనాడినది. గుఱ్ఱమెక్కి నిర్భయముగా తిరిగెడిది. గాంధీజీ కోరికపై గుజరాతమంతయు గాలించి, బరోడా రాజ్యములోని విజాపురమున ఇండ్ల అటకలపై మూలబడియున్న రాట్నములను ఆమె కనుగొనెను. స్త్రీని ఇంటిలో కట్టివేయుటకు ఇసామీ పేర్కొన్న సాధనమును, ఇల్లు దాటి గుఱ్ఱముపై తిరిగిన స్త్రీ వెదకి తెచ్చినదనుట చరిత్రలో చమత్కారము. 1921 మార్చి చివర బెజవాడలో సమావేశమైన అఖిలభారత కాంగ్రెసు సంఘము జూన్ 30 లోపల దేశమున 20 లక్షల రాట్నములు నడపింపవలెనని తీర్మానించెను. మన యాంధ్రదేశమున రాట్నమునకు కొత్తజీవము వచ్చిన దినములవి.

రాట్నము మరల వచ్చెను గాని పాతలెక్కయు దానితోనే వచ్చెను. మొదటి చిక్కు పరిమాణము. ఒకే అంచెలో 80 రెట్ల వేగము కావలెననిన, అర అంగుళపు బిళ్ళకు 40 అంగుళముల చక్రము కావలెను. దానిని చంకబెట్టుకొని సభలకును, కారాగారములకును పోవుటెట్లు? 1930 మొదలు 1932 వఱకు గాంధీజీ పలుమాఱులు యెరవాడ కారాగారమున నుండిన కాలమున రూపొందిన యెరవాడ చక్రము ఈ చిక్కును అంచెల నిష్పత్తితో తీర్చెను. అందులో రెండు చక్రములుండును. మొదటి చక్రపు త్రాడు రెండవ చక్రపు ఇరుసుమీది చిన్న బిళ్ళను త్రిప్పును. ఆ రెండవ చక్రపు అంచునుండి మఱియొక త్రాడు కదురును త్రిప్పును. మొదటి అంచెలో 6 రెట్లును, రెండవ అంచెలో 14 రెట్లును పెరిగినదనుకొన్న, మొత్తము 20 రెట్లు కాదు, 84 రెట్లు. అంచెలలో నిష్పత్తులు కూడవు, గుణించుకొనును. అందుచేత పెట్టెలో ఇముడు చిన్నచక్రములే పెద్దచక్రపు పని చేయగలిగినవి. గడియారపు పెట్టె చిన్నదైనను దాని చక్రములు గంటను నిమిషములుగను సెకనులుగను విడదీయుట ఈ రహస్యమువలననే.

రెండవ చిక్కు, అనగా వ్రేళ్ళ చిక్కు, పెట్టెరాట్నముతో తీఱలేదు. దానిని తీర్చుటకే 1929లో అఖిలభారత చరఖా సంఘము లక్ష రూపాయల బహుమానమును ప్రకటించెను. యంత్రము తేలికగా నుండవలెను. మామూలు పల్లెటూరి యింటిలో చేతితోగాని కాలితోగాని నడువవలెను. ఒక స్త్రీ ఎక్కువ శ్రమ లేకుండ దానిపై ఎనిమిది గంటలు పనిచేయగలుగవలెను. వెల 150 రూపాయలకు మించరాదు. ఇరువది యేండ్లు నిలువవలెను. సాధారణ రాట్నముకంటె పెక్కు రెట్లు నూలు ఈయవలెను. ఈ నిబంధనలను చదివినపుడు మాకు తోచున దేమనగా, ఇవి యంత్రమునకు పెట్టిన పరీక్ష మాత్రమే కాదు. వేగము ఎవరికొఱకు అని అడుగు ప్రశ్న. మిల్లుయజమాని యంత్రమును కొనునపుడు గంటకు ఎన్ని గజములని యడుగును. స్త్రీ భుజము నొచ్చునాయని అడుగడు. ఇచ్చట ఆమె భుజమే మొదటి కొలబద్ద. ఆ బహుమానము తుదకు ఎవ్వరికిని దక్కలేదు. దక్కకపోవుట ఆశ్చర్యము కాదు. కదుళ్ళు ఎన్ని పెరిగిన అన్ని చోట్ల రాపిడి. ప్రతి రాపిడియు నిష్పత్తిచే గుణింపబడి పిడి దగ్గఱకు వచ్చి నిలుచును. ఒక మనుష్యుని చేతిలోని శక్తి మాత్రము పెరుగదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత తమిళదేశీయుడగు ఏకాంబరనాథన్ కల్పించిన అంబర చరఖా ఈ దారిలో ముందడుగు వేసెను. ఆతని పేరునుండియే దానికా పేరు వచ్చెను. ఆర్క్‌రైట్ మిల్లులోనికి తీసికొనిపోయిన రోలర్ల నిష్పత్తిని ఆతడు మరల ఇంటిలోనికి తెచ్చెను. ఒక పిడి త్రిప్పిన, పండ్ల చక్రములు రోలర్లను వేఱువేఱు వేగములతో నడపి ఏకును సాగదీయును. కదుళ్ళు పురి యెక్కించును. వ్రేళ్ళకు ఊహచేయు పని తప్పినది. 1955లో కార్వే సంఘము గ్రామపరిశ్రమలను గూర్చిన నివేదికలో దీనికి చోటిచ్చెను. 1956లో ప్రభుత్వము దీనిని గూర్చియే విచారణసంఘమును నియమించెను. నూలు పెరిగినమాట నిజము. కాని త్రిప్పుటకు బరువనియు, చెడినపుడు బాగుచేయువారు పల్లెలలో దొరకరనియు మొఱలును వచ్చినవి. పండ్ల చక్రము జాఱదు గాని, అఱిగినపుడు వడ్రంగి దానిని బాగుచేయలేడు. త్రాడు జాఱును గాని, తెగినపుడు ఇల్లాలే ముడివేసికొనగలదు. ప్రతి యంత్రమును ఎంచుకొనునపుడు ఈ బేరము కలదు.

ఇక శ్రీకాకుళము జిల్లాలోని పొందూరును చూడుడు. అచ్చటి స్త్రీలు వాలుగచేప దవడయెముకతో పత్తిని దువ్వి, ఒకే కదురుగల రాట్నముపై నేటికిని 100వ నంబరు నూలు వడకుచున్నారు. అంగుళమునకు 40 చుట్లను వ్రేళ్ళ స్పర్శచేతనే సరిచూచుకొందురు. మిల్లు ఆ వేగమును మించగలదు. కాని ఆ నేర్పు ఏ నిష్పత్తిలోనికిని ఒదుగునది కాదు. అట్టి నేర్పునకు తగిన కూలి యిచ్చుచున్నామా యని గుడ్డ కట్టువారు తమ్ము తామే ప్రశ్నించుకొనవలెను. కళ యని పొగడి కూలి తగ్గించుట, సీతమ్మ యని పొగడి చదువు మాన్పించుట వంటిది.

1947 జూలై 22వ తేదీన రాజ్యాంగసభ జాతీయపతాకమును నిర్ణయించినపుడు, రాట్నమునకు బదులు అశోకచక్రము వచ్చెను. పతాకమున గుర్తు రెండువైపులను ఒకేవిధముగా కానరావలెననియు, రాట్నమునకు ఒకవైపు చక్రమును మఱియొకవైపు కదురును ఉండుటచే అట్లు కానరాదనియు నెహ్రూ ఆనాడు వివరించెను. ఆ కారణము సరియైనదే. కాని యంత్రదృష్టితో చూచిన, పతాకమున చక్రము మిగిలినది, త్రాడును కదురును పోయినవి. త్రాడు లేని చక్రమునకు నిష్పత్తి లేదు. అది ఎంత తిరిగినను ఇంకొకదానిని త్రిప్పదు. ఆ త్రాడును కట్టవలసిన పని పతాకముది కాదు, మనది.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించిన సంగతులు మూడు. వేగము ఊరకరాదు; ఎక్కడనో ఎవరో దానికి బలము చెల్లింతురు. పనిలో మెల్లనిభాగమును సవరింపక మిగిలినదానిని ఎంత పరుగెత్తించినను ప్రయోజనము లేదు. దేశమున సగము జనమును చదువులేక వెనుక నిలిపి ముందుకు పోవుదమనుకొనుటయు అట్టిదే. మూడవది, నిష్పత్తి చుట్ల లెక్కను నిర్ణయించును గాని, ఫల మెవరికి చెందవలెనో నిర్ణయించదు. దానిని నిర్ణయించునది సంఘము. మన యిండ్లలో నేడు కుట్టుమిషను కలదు, సైకిలు కలదు. కుట్టుమిషను క్రింది పెద్దచక్రమును, పైని చిన్నచక్రమును బిడ్డలకు చూపి, ఒక త్రొక్కునకు సూది ఎన్నిమాఱులు పడునో లెక్కపెట్టింపుడు. సైకిలు పండ్లను కొడుకుచేతనే కాదు, కూతురిచేతను లెక్కపెట్టింపుడు. ఆ లెక్క తెలిసిన బిడ్డ రేపు ఏ కొత్తయంత్రము ఇంటిలోనికి వచ్చినను రెండు ప్రశ్నలు వేయగలదు: దీని చుట్టు ఒకటికి చుట్లు ఎన్ని? ఆ చుట్టు త్రిప్పు చేయి ఎవరిది?